గ్యాస్ స్కూటర్ ఉన్నవారికి ఎండాకాలం మాట

అనంతపురంలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎల్‌పీజీ కిట్ బిగించిన స్కూటర్ ఉన్నవారు ట్యాంకు నిండా పట్టమని బంకులో పట్టుబట్టకండి. 80 శాతం దగ్గర ఆగిపోవడం మోసం కాదు. వేడికి లోపలి ద్రవం వ్యాకోచిస్తుంది, పైన ఆ ఖాళీ ఉండి తీరాలి.

గ్యాస్ వాసన వస్తోందా? ఇంజన్ ఆపి, గిన్నెలో చిక్కగా సబ్బునీళ్లు కలిపి, పాత బ్రష్‌తో పైపు బిగింపుల చుట్టూ, వాల్వు మెడ దగ్గర పూయండి. బుడగ లేచి పెద్దదవుతూ పోతే లీకు అక్కడే. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు, వారికో దండం! లీకు కనబడితే వాల్వు కట్టేసి, బండిని ఆరుబయటికి తోసి, మెకానిక్‌కు కబురు చేయండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారుగా పాకి పల్లంలో చేరుతుంది. అందుకే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ బండి నిలపడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు.

అప్పుడప్పుడూ కాసేపు పెట్రోలు మీద కూడా నడపండి, కార్బురేటర్ ఎండిపోదు. కిట్ వివరం ఆర్సీలో ఎక్కించుకోవాలి. వంటింటి సిలిండర్ నుంచి బండికి గ్యాస్ ఎక్కించడం మాత్రం చట్టరీత్యా నేరం.