పేరు తేడాతో ఆగిన సీఎస్ఆర్ గ్రాంటు ఇలా కదిలింది

మా ఊరి లైబ్రరీ సొసైటీకి ఓ కంపెనీ సీఎస్ఆర్ నిధులు (సమాజ సేవకు కంపెనీలు కేటాయించే డబ్బు) ఇస్తామంది. దానికి సీఎస్ఆర్-1 నంబరు, అంటే ఆ నిధులు తీసుకునే సంస్థలకు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, ఉండాల్సిందే. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. అందుకు కావాల్సిన ఆదాయపు పన్ను శాఖ రిజిస్ట్రేషన్లు 12ఏ, 80జీ రెండూ మాకున్నాయి. అయినా దరఖాస్తు ముందుకు సాగలేదు, అందరికీ ఒకటే టెన్షన్. చూస్తే, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో పేరు చివర 'సొసైటీ' ఉంది, పాన్ కార్డులో లేదు. అంతే తేడా! సర్టిఫికెట్ నకలు జతచేసి ముందు పాన్ దిద్దించాం. బ్యాంకు ఖాతాలో, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఎన్జీఓ దర్పణ్‌లో కూడా అదే పేరు ఉండేలా చూసుకుని, సెక్రటరీ డిజిటల్ సంతకం, సీఏ ధ్రువీకరణతో మళ్లీ పంపాం. నంబరు వచ్చేసింది. చిన్న సంస్థలవాళ్లు ప్రపోజల్ కోసం రాత్రుళ్లు కూర్చుంటారు. నన్నడిగితే, దానికంటే ముందు కాగితాల్లో పేర్లు అక్షరం అక్షరం పోల్చుకోవాలి. ఇప్పుడు కొనాల్సిన పుస్తకాల జాబితా పిల్లలతోనే రాయిస్తున్నాం.