డక్టెడ్ ఫ్యాన్‌తో కంట్రోల్ లైన్ స్టంట్ విమానం: బరువు, తోక, డక్ట్ లెక్కలు

కంట్రోల్ లైన్ విమానం అంటే చేతిలోని హ్యాండిల్‌కు కట్టిన రెండు తీగలతో మన చుట్టూ తిప్పుతూ ఎగరేసే మోడల్. స్టంట్ అంటే దాంతో విన్యాసాలు చేయించడం. ప్రొపెల్లర్ ఉన్న స్టంట్ మోడల్‌లో రెక్క మీదా తోక మీదా ఎప్పుడూ గాలి కొడుతూనే ఉంటుంది. విమానం కాస్త నెమ్మదించినా ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) మాట వినేది అందుకే. డక్టెడ్ ఫ్యాన్‌లో, అంటే డక్ట్ అనే గొట్టం లోపల తిరిగే ఫ్యాన్‌లో, ఆ గాలి గొట్టంలోంచి వెనక్కి పోతుంది, తోకకు అందదు. పాత ప్లాన్‌లో ఇంజన్ తీసి ఫ్యాన్ బిగిస్తే చదరపు మలుపుల్లో విమానం కిందికి జారిపోయేది ఈ కారణంతోనే. బరువు, తోక లెక్క తేలాకే ఫ్యాన్ కొనండి.

70 మి.మీ. ఫ్యాన్, 4ఎస్ (నాలుగు సెల్లుల) బ్యాటరీకి రెక్క పొడవు 1400, సగటు వెడల్పు 300 మి.మీ. పెట్టుకోండి. తోక వైశాల్యం రెక్కలో నాలుగో వంతు. మొత్తం బరువు 1500 గ్రాములు దాటకూడదు. 4000 ఎంఏహెచ్ బ్యాటరీకి 420, ఫ్యాన్‌కూ మోటార్‌కూ 200, ఈఎస్‌సీకి (మోటార్ వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పరికరం) 70 పోతే బాల్సా చట్రం, కంట్రోళ్లు, చక్రాలు, రంగు అన్నిటికీ కలిపి 810 మిగులుతుంది. రంగు పూతల్లో పొదుపు చేయనివాళ్లకు ఈ లెక్క కుదరదు.

అసలు చిక్కు ఎక్కడంటే, డక్ట్‌కూ బెల్‌క్రాంక్‌కూ (లైన్ల లాగుడును ఎలివేటర్‌కు మళ్లించే మీట) ఒకే చోటు కావాలి. 100 మి.మీ. బెల్‌క్రాంక్‌ను రెక్క లోపలే ఉంచి, డక్ట్‌ను రెక్క పైనుంచి తీసుకెళ్లండి, బెల్‌క్రాంక్ నుంచి ఎలివేటర్‌కు వెళ్లే కడ్డీ, అంటే పుష్‌రాడ్, డక్ట్ పక్కన పోతుంది. దీంతో బరువు పైకి చేరుతుంది కాబట్టి బ్యాటరీని ముక్కులో, రెక్క మట్టానికి కింద పెట్టాలి. సరిపోయిందో లేదో చూడటం తేలికే: విమానాన్ని రెండు లీడౌట్లతో (బెల్‌క్రాంక్ నుంచి రెక్క కొస బయటికి వచ్చే తీగలు) మేకుకు వేలాడదీయండి. రెక్క నిట్టనిలువుగా వేలాడాలి. ఒక పక్కకు వాలిందంటే గాల్లోనూ అలాగే వాలి ఎగురుతుంది.

ఫ్యాన్ మధ్య బుడిపె తీసేస్తే గాలి పోయే వైశాల్యం సుమారు 32 చ.సెం.మీ. గాలి లోపలికి వెళ్లే రెండు పక్కల నోళ్లు ఒక్కోటి 17 చ.సెం.మీ. ఉంటే చాలు. నోటి అంచు పదునుగా ఉంటే గాలి చీలి, నిలబెట్టి తిప్పినప్పుడు ఫ్యాన్ ఊళ వేస్తుంది. 6 మి.మీ. గుండ్రం ఇవ్వండి. వెనక గొట్టం చివర వ్యాసం 61 మి.మీ. దీనికి జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్‌కు వాడే పారదర్శక షీటు చక్కగా పనికొస్తుంది. ఏ4 షీటు పొడుగు వైపును చుట్టితే ఒక ముక్కకు 210 మి.మీ. గొట్టం వస్తుంది. అతుకు దగ్గర లోపలి అంచు గాలికి ఎదురు రాకూడదు.

ఈఎస్‌సీని గవర్నర్ మోడ్‌లో (మోటార్ వేగం మారకుండా పట్టి ఉంచే అమరిక) పెట్టి, పూర్తి వేగంలో 80-85 శాతం దగ్గర ఆపండి. ఆ మిగులు లేకపోతే నాలుగో నిమిషంలో వోల్టేజీ పడిపోయి, తలపై మలుపుల్లో లైన్లు వదులవుతాయి. సగటున 35 ఆంపియర్లు లాగితే ఐదున్నర నిమిషాల్లో 3200 ఎంఏహెచ్ ఖర్చవుతుంది. టైమర్ అంతకు మించి పెట్టొద్దు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. మే నెల ఎండ కూడా తోడైతే గాలి సాంద్రత 10 శాతానికి పైగా తగ్గుతుంది. డిసెంబరులో కుదిర్చిన వేగం వేసవిలో చాలదు, మళ్లీ సరిచూడండి.

60 అడుగుల లైన్లకు ఒక చుట్టు 5.4 సెకన్లు పడితే వేగం గంటకు 80 కి.మీ. దాటుతుంది, చేతి మీద లాగుడు 4 కిలోలు. అయినా ఎగరేసే ముందు ప్రతిసారీ హ్యాండిల్ నుంచి 15 కిలోలు లాగి చూడాలి. విమానం తిరిగే వలయానికి బయట చుట్టూ 30 మీటర్ల వరకు కరెంటు తీగ ఒక్కటి కూడా ఉండకూడదు, చేతిలో ఉన్నదీ లోహపు తీగే. మన మైదానాల్లో మొరం ఎక్కువ. ఫ్యాన్ ఒక్క గులకరాయి మింగితే బ్లేడు విరుగుతుంది. బయల్దేరే చోట పాత ఫ్లెక్సీ బ్యానర్ పరిచి, నాలుగు అంచులకూ మేకులు దిగ్గొట్టండి.