స్టార్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మూవ్‌లు సాధన చేసే ముందు

బాస్కెట్‌బాల్ స్టార్ జేమ్స్ హార్డెన్ స్టెప్‌బ్యాక్ (అడ్డుకునే ఆటగాడి నుంచి వెనక్కు అడుగేసి షాట్ వేయడం) చూసి నేర్చుకునేవాళ్లకు బంతిని వెనక్కు లాగడం రెండు మూడు రోజుల్లోనే వచ్చేస్తుంది. వేగంగా వెళ్తూ ఒక్క అడుగులో ఆగి, వెనక్కు తన్నుకుని, తూలకుండా నిలబడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ వారాలు ఎగ్గొట్టిన చోటే చీలమండ మెలిపడుతుంది, మోకాలి లిగమెంట్ తెగుతుంది. స్టార్ షూటర్ స్టీఫెన్ కరీ అంతటివాడికే 2011లో, 2012లో కుడి చీలమండకు శస్త్రచికిత్స జరిగింది.

అందుకే ముందు బంతి పక్కన పెట్టి ఆగడం నేర్చుకోండి. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కాక, నాలుగు అడుగులు పరుగెత్తి రెండు పాదాల మీదా ఒకేసారి ఆగాలి. తుంటి కిందికి దిగాలి, మోకాళ్లు లోపలికి వాలకుండా కాలివేళ్ల వైపే వంగాలి. పాదాలు ధడ్‌మని మోగాయంటే మోకాళ్లు వంచకుండా దిగారన్నమాట. పదేసి చొప్పున రెండు విడతలు, కనీసం ఒక వారం చేయండి.

వీడియోను పావు వంతు వేగంతో పెట్టి, మొదటిసారి నడుము కిందిభాగం మాత్రమే చూడండి. ఇంకో సంగతి చాలామంది గమనించరు: హార్డెన్, యూరోస్టెప్‌కు (ఒక పక్కకు అడుగేసి వెంటనే రెండో పక్కకు వేస్తూ రింగు వైపు వెళ్లడం) పేరు తెచ్చిన మను జినోబిలి ఇద్దరూ ఎడమచేతివాటం వాళ్లు. కుడిచేతివాటం ఉన్నవాళ్లు వాళ్ల అడుగులను ఉన్నవున్నట్టు దించితే షాట్ వేళకు తప్పు కాలి మీద ఉంటారు. వీడియోను అద్దంలోలా తిప్పి చూడాలి.

స్టెప్‌బ్యాక్‌లో డిఫెండర్‌కు దగ్గరున్న పాదాన్ని పూర్తిగా నేలకు ఆనించి తన్నాలి. మునివేళ్ల మీద తన్నితే చీలమండ బయటికి ఒరుగుతుంది. మొదట అరమీటరు వెనక్కు చాలు. బంతి పట్టుకునే క్షణంలో నేల మీదున్న అడుగును అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2017 నుంచి సున్నాగా లెక్కిస్తోంది, ఆ తర్వాత రెండే అడుగులు. బంతి ముందే పట్టేస్తే మూడో అడుగు పడి ట్రావెలింగ్ (బంతితో ఎక్కువ అడుగులు వేసిన తప్పు) అవుతుంది.

యూరోస్టెప్‌లో రెండో అడుగు మరీ దూరం వేయకండి, శరీరం బరువు పాదాన్ని దాటి పక్కకు పోతుంది. మరో స్టార్ డర్క్ నోవిట్జ్‌కీ ఒంటికాలి ఫేడవేను (వెనక్కు వాలుతూ వేసే షాట్) మాత్రం చివరికి ఉంచండి. 2.13 మీటర్ల మనిషికి అది ఎత్తు కలిసొచ్చిన షాట్, పైగా వెనక్కు వాలుతూ దిగాలి. ఒంటికాలి మీద పదిసార్లు ఊగకుండా దిగగలిగాకే దాని జోలికి వెళ్లండి.

పిల్లల విషయంలో అసలు ప్రమాదం దూరపు షాట్. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత పైభాగంలో 7.24 మీటర్లు. అక్కణ్నుంచి వేయడానికి బలం చాలక బంతిని నడుము దగ్గర్నుంచి విసరడం మొదలుపెడతారు, ఆ అలవాటు వదిలించడం చాలా కష్టం. పిల్లల కోసమే ఉన్న మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు 2.60 మీటర్ల ఎత్తులో, బంతి 5వ నంబరు ఉంటుంది. మొదలు రింగుకు రెండు మీటర్ల దూరంలోనే. పదికి ఏడు పడితేనే ఒక అడుగు వెనక్కు.

కోర్టు తడిగా ఉన్నా, దుమ్ము పట్టినా ఆ రోజు షూటింగ్ మాత్రమే చేయండి. బూటు అడుగు అరిగి నున్నబడితే మార్చాలి. ఎగిరి షాట్ వేసేవాళ్లు దిగే చోట పాదం పెట్టొద్దని తోటివాళ్లకు ముందే చెప్పండి. మోకాలిలో టక్కుమని శబ్దం వచ్చి వాపు కనిపించినా, మెలిపడిన పాదం మీద నాలుగు అడుగులు వేయలేకపోయినా ఆపేసి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఎదిగే పిల్లలకు మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి నిలిచి ఉంటే దూకే సాధన మానేసి చూపించాలి.