డిసెంబర్ సెలవుల్లో డెత్ వ్యాలీ వెళ్తున్నారా? ముందు విజిటర్ సెంటర్‌లో ఆగండి

లాస్ వేగస్ ట్రిప్‌లో ఒక్కరోజు డెత్ వ్యాలీ (కాలిఫోర్నియాలోని ఎడారి నేషనల్ పార్కు) కలుపుకునేవాళ్లు దారిలో ఫర్నెస్ క్రీక్ విజిటర్ సెంటర్‌లో ఓ అరగంట ఆగండి ప్లీజ్.

- ఏ రోడ్లు మూసేశారో రేంజర్‌ని (పార్కు సిబ్బందిని) అడగండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫోన్ మ్యాప్‌లో దగ్గరి దారి అని చూపిస్తే నమ్మి మట్టిరోడ్డు ఎక్కేస్తారు, అక్కడ టైరు పోతే సిగ్నల్ ఉండదు, టోయింగ్‌కి వేల డాలర్లు అవ్వచ్చు, పిల్లలతో ఉంటే ఆ భయం ఇంకా వేరు. వాన పడితే వరదకి తారు రోడ్లే కొట్టుకుపోతాయి, 2023 ఆగస్టులో హిల్లరీ తుఫానుకి పార్కు మొత్తం మూసేశారు.

- పేపర్ మ్యాప్ తీసుకోండి. పార్కులో చాలాచోట్ల ఫోన్ పనిచెయ్యదు.

- నీళ్ల బాటిళ్లన్నీ అక్కడే నింపుకోండి, మనిషికి రోజుకి దాదాపు 4 లీటర్లు. చలికాలమే కదా అని తగ్గించకండి, గాలి పొడిగా ఉండి చెమట తెలీకుండా ఆరిపోతుంది.

- ఎంట్రీ ఫీజుకి కార్డు ఉంచుకోండి, క్యాష్ తీసుకోరు.

- పెట్రోల్ కూడా చూస్కోండి. పార్కులో బంకులు రెండు మూడే, రేటూ ఎక్కువే.

- స్వెటర్ కారులోనే ఉంచండి. పార్కులో బ్యాడ్‌వాటర్ అనే ఉప్పు మైదానం సముద్రమట్టానికి 282 అడుగుల కింద, డాంటేస్ వ్యూ అనే కొండమీది వ్యూపాయింట్ 5,000 అడుగుల పైన, కింద హాయిగా ఉన్నా పైన గాలికి వణికిపోతారు.

- విజిటర్ సెంటర్‌కి సాయంత్రం 5 లోపే వెళ్లండి, ఆ తర్వాత అడుగుదామన్నా కౌంటర్‌లో ఎవరూ ఉండరు.