బీమ్‌లో షియర్ స్ట్రెస్‌ను ఎలా అర్థం చేసుకోవాలి? ఒక నోట్‌బుక్, రెండు స్కేళ్లతో మొదలుపెడదాం

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు మారతహళ్లిలోని తన పీజీ నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. సివిల్ రెండో ఏడాది చదువుతున్నాడు. తినడం అయ్యాక నోట్సు నా ముందు తెరిచి, "అక్కా, ఎఫ్ ఎ వై బార్ బై ఐ బి అని ఫార్ములా నోటికొచ్చు. లెక్క కూడా చేసేస్తాను. కానీ బరువేమో పైనుంచి కిందికి నొక్కుతుంటే, స్ట్రెస్ అడ్డంగా ఎందుకు వస్తోందో అర్థం కావట్లేదు" అన్నాడు.

చాలా మంచి ప్రశ్న. బెంగళూరులో స్ట్రక్చరల్ డిజైన్ పనిలో ఉన్న నేను, కొత్తగా చేరిన పిల్లలు సరిగ్గా ఈ చోటే తడబడటం చాలాసార్లు చూశాను. షియర్ అనగానే కత్తితో కూరగాయ కోసినట్టు నిలువు కోత ఒక్కటే మనసులో మెదులుతుంది. బీమ్‌లో జరిగే అసలు సంగతి పొరలు ఒకదాని మీద ఒకటి జారాలని చూడటం. అది ఒకసారి కళ్లతో చూస్తే ఫార్ములాలోని అక్షరాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఆరోజు వాడికి చూపించిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మెట్టు: పొరలు జారడం కళ్లతో చూడండి

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. మూసి పెట్టి, దాని కింది అంచు మీద, అంటే కాగితాల చివర్లు కనిపించే చోట, స్కెచ్ పెన్నుతో సెంటీమీటరుకొకటి చొప్పున నిలువు గీతలు గీయండి. ఇప్పుడు ఒక చేత్తో బైండింగ్ వైపు, ఇంకో చేత్తో పేజీలు విడిగా ఉండే వైపు పట్టుకుని పుస్తకాన్ని వంచండి. బైండింగ్ దగ్గర గీతలు దాదాపు నిటారుగానే ఉంటాయి. విడి అంచు వైపు వెళ్లేకొద్దీ గీతలు పక్కకు వాలిపోతాయి. మీరు పుస్తకాన్ని వంచారంతే, ఎవరూ పేజీలను పక్కకు లాగలేదు. అయినా ప్రతి పేజీ పక్క పేజీ మీద కొంచెం కొంచెం జారింది. బైండింగ్ దగ్గర మాత్రం జారనివ్వకుండా కుట్టు ఆపింది.

మావాడు దీన్ని నాలుగైదుసార్లు వంచి చూశాడు. తర్వాత రెండు ప్లాస్టిక్ స్కేళ్లు తీశాం. రెండు స్టీలు గ్లాసులు బోర్లించి, వాటి మీద స్కేళ్లను ఒకదానిపై ఒకటి పడుకోబెట్టి మధ్యలో వేలితో నొక్కండి. స్కేళ్ల చివర దగ్గరగా చూడండి. రెండూ కలిసే చోట పై స్కేలు అంచు కింది స్కేలు అంచు కంటే కాస్త బయటికి పొడుచుకొస్తుంది. పై స్కేలు అడుగు భాగం సాగింది, కింది స్కేలు పై భాగం కుంచించుకుపోయింది. అందుకే ఆ తేడా.

ఇప్పుడు ఆ రెండింటినీ ఫెవిక్విక్‌తో నిండుగా అతికించి, బాగా ఆరాక మళ్లీ నొక్కండి. ఈసారి వంచడానికి చాలా బలం పెట్టాలి. విడివిడిగా ఉన్నప్పుడు రెండు స్కేళ్లకు ఒక స్కేలుకు రెండింతల గట్టిదనం ఉంటుంది. అతికిస్తే ఎనిమిదింతలు, ఎందుకంటే వంపును ఎదిరించే గుణం మందానికి ఘనంలో పెరుగుతుంది. అంటే గమ్ము ఒక్కటే గట్టిదనాన్ని నాలుగింతలు చేసింది. ఆ గమ్ము పొర మీద పడుతున్నదే మనం వెతుకుతున్న షియర్ స్ట్రెస్. నిజమైన బీమ్‌లో గమ్ము ఉండదు, చెక్కో స్టీలో కాంక్రీటో తన లోపలి పట్టుతోనే ఆ పని చేస్తుంది.

రెండో మెట్టు: ఆ జారుడు ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టండి

రెండు చివర్లా ఆనుకుని, మధ్యలో బరువు మోస్తున్న బీమ్‌ను ఊహించుకోండి. దాని ఎడమ సగంలో, పక్కపక్కనే రెండు చోట్ల నిలువుగా కోసి ఒక సన్నటి ముక్క బయటికి తీయండి. ఆ ముక్కను మళ్లీ అడ్డంగా కోసి, పై భాగాన్ని మాత్రమే చూడండి.

బీమ్ కిందికి వంగుతోంది కాబట్టి పై భాగమంతా కంప్రెషన్‌లో, అంటే నొక్కుడులో, ఉంది. ఎడమ ముఖం మీద ఒక తోపు కుడివైపుకు, కుడి ముఖం మీద ఒక తోపు ఎడమవైపుకు పనిచేస్తున్నాయి. ఈ రెండూ సమానమా? కాదు. సపోర్టు నుంచి మధ్యకు వెళ్లేకొద్దీ బెండింగ్ మూమెంట్ (బీమ్‌ను వంచే ప్రభావం) పెరుగుతుంది కాబట్టి కుడివైపు తోపు కాస్త ఎక్కువ. ఆ మిగులు తోపు ఈ పై ముక్కను సపోర్టు వైపు నెట్టేస్తుంది. స్కేలు అంచు బయటికి పొడుచుకొచ్చింది ఇందుకే. ముక్క కదలకుండా నిలబడాలంటే మనం అడ్డంగా కోసిన ముఖం దాన్ని వెనక్కి పట్టుకోవాలి. ఆ పట్టుకునే బలాన్ని కోసిన ముఖం వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే షియర్ స్ట్రెస్.

ఇక్కడ ఒక నిమిషం ఆగండి. మూమెంట్ మారకపోతే? రెండు తోపులూ సమానం, జారుడే లేదు. ల్యాబ్‌లో బీమ్ మీద రెండు చోట్ల సమానంగా లోడ్ పెట్టే పరీక్షలో ఆ రెండు లోడ్ల మధ్య భాగం ఇలాంటిదే. బీమ్ సొంత బరువును పక్కన పెడితే అక్కడ మూమెంట్ ఉంటుంది, షియర్ ఫోర్స్ (బీమ్‌ను నిలువుగా కోయాలని చూసే మొత్తం బలం) సున్నా. మూమెంట్ ఎంత వేగంగా మారుతోందో చెప్పేదే షియర్ ఫోర్స్ అని పుస్తకంలో చదివిన వాక్యానికి అర్థం ఇదే.

అడ్డంగా ఎంత స్ట్రెస్ ఉందో, అదే బిందువు దగ్గర నిలువుగానూ అంతే ఉంటుంది. లేకపోతే అక్కడి చిన్న చదరపు ముక్క గిర్రున తిరిగిపోవాలి. కాబట్టి మావాడి సందేహంలోని నిలువు, అడ్డం రెండూ ఒకే స్ట్రెస్‌కు రెండు ముఖాలు. బీమ్ పై అంచున, కింది అంచున స్ట్రెస్ సున్నా అవడానికీ కారణం ఇదే. అంచుకు అవతల పట్టుకునేది ఏమీ లేదు.

మూడో మెట్టు: ఫార్ములాలోని అక్షరాలకు మనుషుల్లా పని అప్పగించండి

టౌ = వి × క్యూ ÷ (ఐ × బి)

మన కాలేజీ నోట్సుల్లో షియర్ ఫోర్స్‌ను ఎఫ్ అని, క్యూను ఎ వై బార్ అని రాస్తారు. రెండూ ఒకటే, కంగారుపడొద్దు.

టౌ అంటే షియర్ స్ట్రెస్. వి అంటే ఆ చోట షియర్ ఫోర్స్. ఐ అంటే మొత్తం సెక్షన్‌కు (బీమ్‌ను నిలువుగా కోస్తే కనిపించే ముఖానికి) న్యూట్రల్ యాక్సిస్ (సాగుడూ కుంచింపూ లేని గీత) చుట్టూ మూమెంట్ ఆఫ్ ఇనర్షియా, అంటే ఆకారం వల్ల వంపును ఎదిరించే గుణం. ఒకే సెక్షన్‌లో ఏ ఎత్తు దగ్గర స్ట్రెస్ వెతికినా ఈ రెండూ మారవు. మారేవి క్యూ, బి మాత్రమే. తప్పులన్నీ కూడా వీటిలోనే వస్తాయి.

క్యూ దగ్గరికొచ్చేసరికి నన్ను నేను ఒక ప్రశ్న వేసుకుంటాను: "ఇక్కడ కోస్తే ఏ ముక్క జారిపోవాలని చూస్తుంది?" ఆ ముక్క వైశాల్యమే ఎ. ఆ ముక్క సెంట్రాయిడ్ (వైశాల్య కేంద్రం) న్యూట్రల్ యాక్సిస్‌కు ఎంత దూరంలో ఉందో అది వై బార్. దూరం కొలవాల్సింది న్యూట్రల్ యాక్సిస్ నుంచి, కోసిన గీత నుంచి కాదు. క్యూ పెద్దదైతే జారే ముక్క మీద మిగులు తోపు ఎక్కువన్నమాట. బి అంటే కోసిన చోట వెడల్పు, ఆ తోపును ఆపే గమ్ము పట్టీ వెడల్పు అనుకోండి. పట్టీ సన్నగా ఉంటే స్ట్రెస్ పెరుగుతుంది. బాక్స్ సెక్షన్‌ను అడ్డంగా కోస్తే రెండు గోడలూ తెగుతాయి కాబట్టి బి అంటే రెండు గోడల మందం కలిపి.

పై ముక్క తీసుకోవాలా, కింది ముక్క తీసుకోవాలా అని టెన్షన్ పడతారు. ఏది తీసుకున్నా క్యూ విలువ ఒక్కటే. సుళువుగా ఉన్నది తీసుకోండి, తీరిక ఉంటే రెండోదాంతో సరిచూసుకోండి.

నాలుగో మెట్టు: ఒక చెక్క దూలం లెక్క చేయండి

100 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. ఎత్తు ఉన్న దూలం. సపోర్టుల మధ్య దూరం 4 మీటర్లు, నడిమధ్యలో 8 కిలోన్యూటన్ల లోడ్. ఒక్కో సపోర్టుకు సగం, కాబట్టి వి = 4,000 న్యూటన్లు. ఐ = 100 × 200³ ÷ 12, అంటే సుమారు 6.67 కోట్ల మి.మీ.⁴.

సరిగ్గా మధ్యలో కోస్తే జారే ముక్క 100 × 100. దాని సెంట్రాయిడ్ 50 మి.మీ. పైన. క్యూ = 5 లక్షల మి.మీ.³. స్ట్రెస్ = 4,000 × 5,00,000 ÷ (6.67 కోట్లు × 100) = 0.30 మెగాపాస్కల్ (అంటే చదరపు మి.మీ.కు 0.30 న్యూటన్). న్యూట్రల్ యాక్సిస్‌కు 50 మి.మీ. పైన కోస్తే ముక్క 100 × 50, వై బార్ 75, క్యూ 3.75 లక్షలు, స్ట్రెస్ 0.225. పై అంచున సున్నా. ఈ విలువలతో గ్రాఫ్ గీస్తే పారాబోలా వస్తుంది.

వి ని మొత్తం వైశాల్యంతో భాగిస్తే సగటు 0.20 మాత్రమే. అసలు గరిష్ఠం దానికి ఒకటిన్నర రెట్లు. దీర్ఘచతురస్రానికి ఎప్పుడూ 1.5, గుండ్రటి సెక్షన్‌కు 4/3.

ఇదే దూలంలో గరిష్ఠ బెండింగ్ స్ట్రెస్ 12 మెగాపాస్కల్, షియర్‌కు 40 రెట్లు. మరి 0.30 గురించి ఇంత తాపత్రయం ఎందుకు? చెక్కకు నారల వెంబడి జారుడును ఆపే శక్తి చాలా తక్కువ. రష్యన్ ఇంజనీరు దిమిత్రి జురావ్‌స్కీ ఈ సూత్రాన్ని కనిపెట్టింది మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ రైలు మార్గంలో చెక్క వంతెనల పని చేస్తున్నప్పుడే. దూలాలు పొడవునా చీలే ప్రమాదం ఆయన కళ్లెదుటే ఉంది. ఆయన వ్యాసం 1856లో ఫ్రెంచిలో అచ్చయింది. ఇంకో సంగతి, మధ్యలో లోడ్ ఉన్న దీర్ఘచతురస్రపు బీమ్‌లో బెండింగ్ స్ట్రెస్ షియర్‌కు ఎన్ని రెట్లో పొడవును ఎత్తుతో భాగించి రెండింతలు చేస్తే వచ్చేస్తుంది. బీమ్ పొట్టిదయ్యేకొద్దీ షియర్ వాటా పెరుగుతుంది.

ఐదో మెట్టు: ఐ సెక్షన్‌లో ఆ గెంతు చూడండి

ఫ్లాంజ్‌లు (పైనా కిందా ఉండే అడ్డ పట్టీలు) 150 × 20, వెబ్ (వాటిని కలిపే నిలువు పలక) మందం 10, మొత్తం ఎత్తు 300 మి.మీ. ఉన్న స్టీలు బీమ్, షియర్ ఫోర్స్ 100 కిలోన్యూటన్లు. ఐ సుమారు 13.24 కోట్లు. ఫ్లాంజ్, వెబ్ కలిసే చోట క్యూ 4.2 లక్షలు. ఫ్లాంజ్ వైపు బి 150 కాబట్టి స్ట్రెస్ 2.1 మెగాపాస్కల్. ఒక్క వెంట్రుకవాసి కిందికి దిగి వెబ్‌లోకి వస్తే బి 10. స్ట్రెస్ ఒక్కసారిగా 31.7! మధ్యలో 38.1.

మావాడు ఇది చూసి లెక్క తప్పిందేమో అనుకున్నాడు. తప్పలేదు. జారే ముక్క అదే, తోపు అదే, ఆపే పట్టీ 15 రెట్లు సన్నబడింది. షియర్ దాదాపు అంతా వెబ్ మోస్తుంది కాబట్టి, వి ని వెబ్ వైశాల్యంతో భాగించినా 38.5 వస్తుంది. అసలు విలువకు ఎంత దగ్గరో చూడండి. స్టీలు కోడ్ ఐఎస్ 800:2007 కూడా షియర్‌కు వెబ్ వైశాల్యాన్నే లెక్కలోకి తీసుకోమంటుంది.

గరిష్ఠం ఎప్పుడూ న్యూట్రల్ యాక్సిస్ దగ్గరే అని మాత్రం బట్టీ పట్టొద్దు. త్రిభుజం సెక్షన్‌లో అది సగం ఎత్తు దగ్గర వస్తుంది, న్యూట్రల్ యాక్సిస్ ఏమో అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో ఉంటుంది. చూడాల్సింది క్యూను బి తో భాగిస్తే ఎక్కడ ఎక్కువ వస్తుందనేది.

ఆరో మెట్టు: దగ్గర్లోని సైటుకు వెళ్లి చూడండి

సాయంత్రం మావాణ్ని మా పక్క వీధిలో కడుతున్న అపార్ట్‌మెంటు దగ్గరికి తీసుకెళ్లాను. బెంగళూరు సైటుల్లో తెలుగు మేస్త్రీలు చాలామంది కనిపిస్తారు. అక్కడున్న మేస్త్రీది అనంతపురం వైపు. స్లాబుకు ముందు బీమ్ కడ్డీలు కట్టిస్తున్నాడు. కాలమ్ దగ్గర రింగులు నాలుగు ఇంచులకొకటి, బీమ్ మధ్యలో ఆరు ఇంచులకొకటి. "ఎందుకన్నా అలా?" అని మావాడు అడిగితే, "చివర్ల కాడే కదా ఏటవాలు పగుళ్లు వచ్చేది" అన్నాడాయన. సపోర్టు దగ్గర షియర్ ఫోర్స్ ఎక్కువ. షియర్ కాంక్రీటును ఏటవాలుగా లాగి, సుమారు 45 డిగ్రీల వాలులో చీల్చాలని చూస్తుంది. ఆ చీలికను కుట్టేది రింగులే. భూకంపాన్ని తట్టుకోవడానికి కూడా చివర్లలో రింగులు దగ్గరగా వేస్తారు.

కాంక్రీటు బీమ్‌లో పగుళ్లు వచ్చాక మన పారాబోలా నిలవదు. అందుకే కాంక్రీటు కోడ్ ఐఎస్ 456:2000 షియర్ ఫోర్స్‌ను వెడల్పు, ఎఫెక్టివ్ డెప్త్‌ల (నొక్కుడు పడే అంచు నుంచి, సాగుడు మోసే కడ్డీల మధ్య వరకు ఉన్న లోతు) లబ్ధంతో భాగించి సరిపెడుతుంది. నిలువు రింగుల మధ్య దూరం ఎఫెక్టివ్ డెప్త్‌లో 0.75 వంతు, 300 మి.మీ., ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు.

బస్సెక్కే ముందు వాడికి ఒక లెక్క ఇచ్చి పంపాను, మీరూ చేయండి. టీ సెక్షన్, ఫ్లాంజ్ 100 × 20, దాని కింద వెబ్ 20 × 100, వి 40 కిలోన్యూటన్లు. న్యూట్రల్ యాక్సిస్ పై నుంచి 40 మి.మీ. దగ్గర, ఐ 53.33 లక్షలు రావాలి. కలిసే చోట ఫ్లాంజ్‌లో 4.5, వెబ్‌లో 22.5, గరిష్ఠం 24 మెగాపాస్కల్. క్యూను పై ముక్కతో ఒకసారి, కింది ముక్కతో ఒకసారి కట్టండి. న్యూట్రల్ యాక్సిస్ దగ్గర రెండుసార్లూ 64,000 వచ్చిందని రాత్రి పదకొండింటికి వాడి నుంచి మెసేజ్ వచ్చింది.