అక్కాచెల్లెళ్ల గొడవ మీద నవల రాస్తున్నారా? ముందు శ్రుతి చూసుకోండి

ఇద్దరూ పాడతారు, చెల్లికి పేరొస్తుంది, అక్క ఇంట్లో మిగిలిపోతుంది, ఇరవై ఏళ్లు మాటల్లేవు, చివర్లో కలుస్తారు. ఈ కథ నేనూ ఒకసారి మొదలుపెట్టి, మొదటి పేజీలోనే చెల్లెల్ని పొగరుబోతుని చేసి, ఇక ముందుకు కదల్లేక ఆపేశాను. అసూయ వల్ల విడిపోయారని రాస్తే ఏమీ రాయనట్టే. గొడవకి ఏదో ఒక చిన్న సంగతి దొరకాలి, అదీ వాళ్ల పాటలోంచే రావాలి.

కర్ణాటక సంగీతం తీసుకుంటే అలాంటిది సిద్ధంగా ఉంది, వరాళి రాగం. గురువు దాన్ని శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే ఇద్దరికీ చెడుతుందని పాత నమ్మకం, అందుకే విని పట్టుకోమంటారు. త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదింటిలో నాట, గౌళ, ఆరభి అయ్యాక నాలుగోది ఈ వరాళే, ఆ తర్వాత శ్రీరాగం. ఇప్పుడు అక్కే చెల్లెలికి గురువనుకోండి. త్యాగరాజు వర్ధంతి, పుష్య బహుళ పంచమి, వారంలో ఉంది, ఆ రోజు ఆరాధనలో అయిదూ పాడాలి, చెల్లికి నాలుగోది రాదు. "నువ్వే చెప్పక్కా, ఎవరికి తెలుస్తుంది" అంటుంది. వంటింటి గడప దగ్గర కూర్చుని, అమ్మమ్మకి వినపడకుండా గొంతు తగ్గించి అక్క చెప్పేస్తుంది. అయినా సంగతి అమ్మమ్మకి తెలిసిపోతుంది. ఇక ఆ తర్వాత పదేళ్లకి ఏం జరిగినా అమ్మమ్మ "వద్దంటే విన్నారుటే" అంటూనే ఉంటుంది. మీరు మాత్రం అమ్మమ్మ పక్షం తీసుకోకండి. శాపం తగిలిందా, లేక శాపం తగులుతుందన్న భయంతోనే ప్రతి చిన్న మాటా పెద్దదైందా అన్నది తేల్చకుండా వదిలేయండి.

పేరొచ్చిందని చూపించడానికి శాలువాలు, సెల్ఫీలు అక్కర్లేదు. ఆ లోకం కొలతలు వేరు. రేడియోలో అయితే పాడేవాళ్లకి ఇచ్చే గ్రేడు, కింది నుంచి పైకి: బి, బి హై, ఏ, టాప్. మద్రాసు డిసెంబరు సీజన్‌లో అయితే టైము: కుర్రవాళ్లకి మధ్యాహ్నం కచేరీ, పెద్దవాళ్లకి సాయంత్రం. చెల్లెలు మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి మారిన ఏడాదే అక్క విజయవాడ రేడియోలో బి హై దగ్గర ఆగిపోయిందని ఒక్క వాక్యం చాలు, పాఠకులు మిగతాది వాళ్లే లెక్క కట్టుకుంటారు. అంతకుముందు జంటగా పాడిన రోజులుంటాయి కదా, అక్కడ కాస్త ఆగండి. కరపత్రంలో ఎవరి పేరు ముందుండేది, ఆలాపన ఎవరు ఎత్తుకునేవారు, ఒకరికి ఊపిరి అందనప్పుడు రెండోవాళ్లు ఎక్కడ అందుకునేవారు, ఇవన్నీ రాయండి.

రాగం పేరు రాసే ముందు పాడేవాళ్లనెవరినైనా అడగండి. నేను హిందోళ రాగంలో పంచమం, అంటే 'ప' స్వరం, దగ్గర చెల్లెలి గొంతు వణికిందని ఎంతో గొప్పగా రాసుకున్నాను. హిందోళంలో పంచమమే లేదు! చదివిన స్నేహితురాలు నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఇక కలవడం. ఐసీయూ వద్దు, ఆఖరి శ్వాస వద్దు, ఒకే వేదిక మీద ఇద్దరూ పాడుతుంటే జనం లేచి నిలబడటం అసలే వద్దు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, వయసుతో గొంతు దిగుతుంది. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్థాయి, అంకె తగ్గితే గొంతు కిందికి దిగినట్టు. అప్పట్లో ఇద్దరూ ఐదున్నర శ్రుతిలో పాడేవాళ్లు. చెల్లెలు రోజూ కచేరీలు చేస్తోంది కాబట్టి అక్కడే నిలబెట్టుకుంది, అక్క నాలుగున్నరకి వచ్చేసింది. అమ్మ తద్దినానికి చెల్లెలు వచ్చింది, భోజనాలయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు. మూల బల్ల మీద ఆ ఆధార స్వరం మోగించే శ్రుతి పెట్టె ఉంది. చెల్లెలు దాన్ని ఐదున్నరలో ఆన్ చేస్తుంది, అక్క నోరు తెరవదు. ఎందుకో చెల్లికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టాలి, ఆ కొంచెంసేపూ తొందరపడకుండా రాయండి, విస్తళ్ల వాసన, పెరట్లో కుళాయి చప్పుడు, ఏదైనా సరే. తర్వాత చెల్లెలు నాబ్ కిందికి తిప్పుతుంది.

"అంత కిందికా? నీకు మంద్రంలో కింది స్వరాలు అందవే."

"అందినంత పాడతాలే."

క్షమించమని ఎవరిచేతా అనిపించకండి. పాట మొదలవకముందే అధ్యాయం ఆపేయండి.