బండి మీద తిరుమల కొండ దిగడం ఎలా?

బయటి ఊళ్ల నుంచి బైకు మీద వచ్చేవాళ్లు తిరుపతిలో మొదట అడిగే మాట ఒకటే: "అన్నా, నా బండి కొండ ఎక్కుతుందా?" ఎక్కుతుంది. 100 సీసీ బండి మీద ఇద్దరు కూర్చుని, వెనక బ్యాగు కట్టుకుని శుభ్రంగా పైకి పోతారు. మహా అయితే రెండో గేర్లో కాసేపు మూలుగుతుంది, అంతే. ఎక్కడం ఇంజను పని, ఇంజను చేసుకుంటుంది. దిగడం మాత్రం నడిపేవాడి పని. దాని గురించి మాత్రం ఎవరూ అడగరు.

పైకీ కిందికీ వేర్వేరు దారులున్నాయి. ఇప్పుడు మనం దిగేది పాత దారి, 1944లో తెరిచిన మొదటి ఘాట్ (కొండ) రోడ్డు. దూరం సుమారు 19 కిలోమీటర్లు, అందులో దాదాపు వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపులే 30కి పైగా. ఎక్కేది తర్వాత వేసిన రెండో ఘాట్, అది కొంచెం వెడల్పు, మలుపులు తక్కువ. అంటే ఎక్కడానికి సులువు దారి, దిగడానికి కష్టం దారి మన వంతుకొచ్చాయి.

ఒక చిన్న లెక్క చూడండి. కొండపై నుంచి అలిపిరికి వచ్చేసరికి సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతాం. బండి, ఇద్దరు మనుషులు కలిపి 250 కిలోలు అనుకుంటే, దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి ఐదు లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోయేంత. బ్రేకులతోనే దిగితే ఆ వేడిలో చాలావరకు ఆ చిన్న డిస్కు, డ్రమ్ముల్లోకే పోతుంది. ఇంజనుకు కొంత అప్పజెబితే బ్రేకులు చల్లగా ఉంటాయి. కింద చెప్పేదంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ముందురోజు బండి చూసుకోండి

వెనక డ్రమ్ బ్రేకుతో మొదలుపెట్టండి. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఎవరినైనా బ్రేకు పెడల్ పూర్తిగా నొక్కిపట్టమనండి. డ్రమ్ము పక్కన, బ్రేకు రాడ్ కలిసే చోట చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాని ఎదురుగా డ్రమ్ము మూత మీద ఇంకో గుర్తు ఉంటుంది. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు బాణం ఆ గుర్తుదాకా వచ్చిందంటే బ్రేక్ షూలు (డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) అయిపోయినట్టే. అప్పుడు రాడ్ చివరి నట్టు తిప్పి బిగించడం వృథా, షూలు మార్చాల్సిందే. బాణం ఇంకా దూరంగా ఉండి, పెడల్ మాత్రం మరీ కిందికి పోతుంటే నట్టు కొంచెం బిగించండి. బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి, ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. రాసుకుంటే కొండ ఎక్కేటప్పుడే డ్రమ్ము కాలిపోతుంది, దిగేటప్పటికి అందులో ఏమీ మిగలదు.

ముందు డిస్క్ బ్రేకుకు రెండు చూడాలి. ఒకటి ప్యాడ్లు: డిస్కును రెండు పక్కలా పట్టుకునే క్యాలిపర్ లోపలికి టార్చి వేసి చూస్తే ప్యాడ్ మధ్యలో గాడి కనపడాలి. గాడి అరిగి మాయమైతే మార్చేయండి. రెండోది, అందరూ మర్చిపోయేది, బ్రేక్ ఆయిల్. హ్యాండిల్ మీది చిన్న డబ్బాకు అద్దం ఉంటుంది, అందులో మట్టం కింది గీతకు పైన ఉండాలి. రంగు నల్లబడితే మార్పించండి. ఈ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే పైపులో ఆవిరి బుడగలు వస్తాయి, లీవర్ నొక్కితే చెయ్యి ఖాళీగా లోపలికి పోతుంది. ఊళ్లో లీలామహల్ సర్కిల్ దగ్గర, నంది సర్కిల్ దగ్గర తిరిగినంతకాలం ఆ పాత ఆయిల్‌తోనే బండి బాగా ఆగుతుంది. కొండమీదే దాని సంగతి బయటపడుతుంది. చాలా కంపెనీల మాన్యువల్‌లో రెండేళ్లకోసారి మార్చమనే ఉంటుంది. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు మనం అడిగితేనే మారుస్తారు, అడక్కపోతే తగ్గినంత పోస్తారంతే.

టైర్లలో గాలి, ఇద్దరు ఎక్కేటప్పుడు ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీదో అతికించిన స్టిక్కర్లో రాసుంటుంది. ఉదయం బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించుకోండి. చైన్ వదులుంటే బిగించి కాస్త ఆయిల్ వేయండి. హారన్, వెనక లైటు, రెండు ఇండికేటర్లు చూసుకోండి. ఇవన్నీ పది నిమిషాల పని.

అలిపిరి దగ్గర

బయలుదేరే ముందు ఆ రోజుకు బైకులను ఏ వేళల్లో వదులుతున్నారో కనుక్కోండి. 2023 ఆగస్టులో కాలినడక దారిలో చిరుత దాడి జరిగాక కొంతకాలం ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే బైకుల్ని రానిచ్చారు. ఇలాంటి వేళలు పరిస్థితిని బట్టి మారుతుంటాయి. వానలు గట్టిగా పడితే మొత్తం ఆపేస్తారు కూడా.

హెల్మెట్ ఇద్దరికీ కావాలి. ముగ్గురు ఎక్కడం మాత్రం వద్దు. చెకింగ్‌లో పట్టుకుంటారన్న భయం కంటే, దిగేటప్పుడు ఆ మూడో మనిషి బరువు ఏ బ్రేకు మీద పడుతుందో ఆలోచించండి. బ్యాగులో బీడీలు, సిగరెట్లు, మందు లాంటివి ఉంటే అక్కడే తీసేస్తారు. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు కూడా పైకి తీసుకుపోకండి, స్టీలు బాటిల్ మేలు.

ఎక్కడం గురించి ఒక్క మాట: బండి మూలిగేదాకా పెద్ద గేర్లో ఉంచకండి, మలుపుకు ముందే చిన్న గేర్‌కు రండి. అంతకుమించి ఏం లేదు.

కొండపైన

దిగేటప్పటి టెన్షన్‌లో సగం ఇక్కడే మొదలవుతుంది. రాత్రంతా క్యూ కాంప్లెక్స్‌లో కూర్చుని, తెల్లవారుజామున దర్శనం చేసుకుని బయటపడితే ఒంట్లో నిద్ర తప్ప ఇంకేం ఉండదు. ఆ మత్తులో బండి తీయకండి. గది లేకపోతే ఏ చెట్టు కిందో, షెడ్డులోనో రెండు గంటలు నడుం వాల్చండి. ఎవరూ ఏమీ అనుకోరు, కొండమీద పడుకోనివాళ్లెవరు?

గుండు కొట్టించుకున్నవాళ్లకు ఇంకో ఇబ్బంది. కొత్త గుండుకు గంధం పూసుకుని దాని మీద హెల్మెట్ పెడితే చెమటకు జారుతుంది, మండుతుంది. పట్టీ బిగించినా హెల్మెట్ అటూ ఇటూ కదులుతుంది, జుట్టు లేనందువల్ల వదులైపోతుంది కదా. గంధం తుడిచేసి, పల్చటి కాటన్ గుడ్డ తలకు చుట్టి పెట్టుకుంటే సరిగ్గా కూర్చుంటుంది.

లడ్డూల కవరు హ్యాండిల్‌కు తగిలించకండి. ఎడమ మలుపులో అది ఊగి బ్రేకు లీవర్‌కో, యాక్సిలరేటర్‌కో అడ్డం పడుతుంది. బ్యాగులో పెట్టి వీపుకు తగిలించుకోండి. వెనక కూర్చునేవాళ్ల చీరకొంగు, చున్నీ నడుముకు గట్టిగా చుట్టి దోపుకోమనండి. పిల్లల్ని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టకండి. దిగేటప్పుడు బ్రేకు వేస్తే బరువంతా ముందుకే వస్తుంది, పిల్లవాడు హ్యాండిల్‌కు ఒరుగుతాడు.

దిగడం

బండి స్టార్ట్ చేసి, టోల్‌గేట్ దాటగానే మొదటి దిగుడులోనే బ్రేకులు రెండూ ఒకసారి నొక్కి చూడండి. పట్టు తెలియాలి. తెలియకపోతే అక్కడే వెనక్కి తిరగండి, కింది మలుపుల్లో తిరిగే చోటు ఉండదు.

ఇక గేరు. ఏ గేర్లో ఎక్కగలమో దాదాపు అదే గేర్లో దిగాలి. 100 నుంచి 150 సీసీ బళ్లకు రెండో గేరు, మలుపులు లేని చోట మూడో గేరు. యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంజను చప్పుడు పెరుగుతుంది, బండి వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు నెమ్మదిస్తుంది. ఆ చప్పుడుకు భయపడి క్లచ్ పట్టుకునేవాళ్లున్నారు. క్లచ్ పట్టుకున్న క్షణం నుంచి ఇంజను మీకు సాయం చేయడం మానేస్తుంది, బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. క్లచ్ గేరు మార్చేటప్పుడే, అదీ మలుపులో కాదు, మలుపుకు ముందే.

ఇప్పుడు మన ఊళ్లో బాగా పాతుకుపోయిన అలవాటు గురించి. దిగుడే కదా, పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ వేసి దింపేవాళ్లు, ఏకంగా కీ తీసేసేవాళ్లు ఇంకా కనపడుతుంటారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బైకులన్నిట్లో దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షనే ఉంది. గేర్లో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే అవి పెట్రోల్‌ను దాదాపు ఆపేస్తాయి, చక్రమే ఇంజన్ను తిప్పుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగకుండా ఉండటానికి పెట్రోల్ పోయాల్సిందే. అంటే న్యూట్రల్‌లో పెట్రోల్ మిగలకపోగా ఇంకొంచెం ఖర్చవుతుంది. పాత కార్బురేటర్ బండి అయినా, మిగిలే చుక్క పెట్రోల్ కోసం బ్రేకుల్ని కాల్చుకోవడం తిక్క లెక్క. కీ తీసేస్తే హారన్ పోతుంది, లైట్లు పోతాయి. కీ ఇంకొంచెం తిరిగి, హ్యాండిల్ పూర్తిగా పక్కకు వచ్చిందంటే లాక్ కూడా పడొచ్చు.

బ్రేకు వాడే పద్ధతి: అలా సన్నగా నొక్కి పట్టుకుని కిలోమీటర్లు దిగకండి. అదే బ్రేకుల్ని ఎక్కువగా కాల్చేది. తిన్నని చోట వేగం కాస్త పెరగనివ్వండి, మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా, కానీ కుదుపు లేకుండా వేసి, వేగం తగ్గాక వదిలేయండి. వదిలిన ఆ కాసేపట్లో గాలికి డిస్కు చల్లబడుతుంది. పని ఎక్కువ చేసేది ముందు బ్రేకే. దిగుడులో వెనక చక్రం మీద బరువు తక్కువ, అక్కడ గట్టిగా తొక్కితే చక్రం లాకై పక్కకు జారుతుంది. 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం లాకవకుండా చూసేది) తప్పనిసరి చేశారు గానీ, చాలా బళ్లలో అది ముందు చక్రానికే ఉంటుంది. వెనక్కి కూడా ఉందనుకుని తొక్కేయకండి.

హెయిర్‌పిన్‌లో చూపు ముఖ్యం. పిట్టగోడ వైపు చూస్తే బండి పిట్టగోడ వైపే పోతుంది. తల తిప్పి మలుపు బయటకు, మీరు పోవాల్సిన చోటుకు చూడండి. వేగం అంతా ముందే తగ్గించి, మలుపులోకి వచ్చాక బ్రేకు వదిలి, యాక్సిలరేటర్ కొంచెం ఇస్తూ బయటపడండి. మలుపు మధ్యలో ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే చక్రం కింద నుంచి జారిపోతుంది. ఒకటే దిక్కు దారి కదా అని రోడ్డంతా వాడుకోకండి. పక్కన జీపు దూసుకొస్తుంది, బస్సు మలుపు తీసుకునేటప్పుడు బయటి వైపు నుంచి లోపలికి కోస్తుంది. బస్సు మలుపులో ఉంటే దాని పక్కకు వెళ్లకండి, వెనకే ఆగండి. మరమ్మతులప్పుడు, కొండచరియలు పడినప్పుడు ఒకే దారిలో రెండు వైపులా వదులుతారు. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్‌లో పెద్ద బండరాళ్లు పడి రోడ్డు దెబ్బతిన్నప్పుడు అదే జరిగింది. అలాంటి రోజుల్లో ప్రతి మలుపులోనూ ఎదురు బండి ఉందనుకునే దిగాలి.

వెనక కూర్చున్నవాళ్లకు ముందే చెప్పండి: మోకాళ్లతో సీటును పట్టుకోవాలి, చెయ్యి వెనక కడ్డీ మీద ఉండాలి, మలుపులో నాతో పాటే వంగాలి, భయపడి ఎదురు వైపుకు వాలకూడదు. "అమ్మా, నువ్వు కదలకుండా కూర్చో, చాలు" అంటే సరిపోతుంది.

మోకాళ్ల మిట్ట దగ్గర కాలినడకన వచ్చేవాళ్లు రోడ్డు పక్కకు వస్తారు. అరికాళ్లు బొబ్బలెక్కి, గోవిందా అంటూ, బండి చప్పుడు కూడా పట్టించుకోకుండా నడుస్తుంటారు. అక్కడ హారన్ కొట్టడం కంటే నెమ్మదించడమే పద్ధతి. కోతులకు అరటిపండు ఇవ్వడానికి ఆగేవాళ్ల వెనక ఎప్పుడూ దూరం పెట్టండి, చెప్పకుండా ఆగుతారు.

టోల్‌గేట్లలో దిగడానికి కనీసం 40 నిమిషాలు, ఎక్కడానికి 28 నిమిషాలు అని పెట్టారు. అంతకంటే ముందే చేరితే అడుగుతారు. 40 నిమిషాలంటే గంటకు 30 కిలోమీటర్లు కూడా కాదు. ఆ లెక్కన, గేర్లో ఉంచి నడిపితే బ్రేకులు మరీ వేడెక్కవు.

లీవర్ మామూలుకంటే లోపలికి వస్తున్నా, కాలిన వాసన వస్తున్నా, బ్రేకు పట్టు తగ్గినట్టు తెలిసినా ఇంకొంచెం పోదాంలే అనుకోకండి. తిన్నటి చోట, వెనక వచ్చేవాళ్లకు కనపడేలా పక్కకు ఆపి పావుగంట కూర్చోండి. ఏడో మైలు దగ్గర ఆంజనేయస్వామి విగ్రహం ఉన్న చోటు అందుకు బాగుంటుంది.

స్కూటర్ అయితే

గేర్లు లేవు కాబట్టి ఇంజన్ బ్రేకింగ్ లేదనుకుంటారు, ఉంది. కానీ బండి మరీ నెమ్మదిస్తే లోపల క్లచ్ విడిపోయి, ఆ సాయం పోతుంది, బండి ఒక్కసారిగా వదులుగా జారుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ కొంచెం తిప్పి వదిలితే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది. రెండు వైపులా డ్రమ్ములున్న స్కూటర్ మీద ఇద్దరు దిగుతుంటే, మధ్యలో ఒకసారైనా ఆగండి. ఎలక్ట్రిక్ స్కూటర్లలో రీజెన్ (మోటారే బండిని ఆపుతూ బ్యాటరీని ఛార్జ్ చేయడం) బాగా ఆపుతుంది, కానీ బ్యాటరీ నిండుగా ఉంటే తగ్గిపోతుంది. పైన ఫుల్ ఛార్జింగ్ పెట్టి వెంటనే దిగకండి.

వాన, మంచు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. తడి రోడ్డు మీద రాలిన ఆకులు, మట్టి, బస్సుల నుంచి కారిన డీజిల్ కలిసి జారుతుంది. డీజిల్ వాసన వస్తే మలుపులో ఇంకొంచెం తగ్గండి. మంచు దట్టంగా ఉంటే హై బీమ్ వేయకండి, వెలుతురు మంచుకు తగిలి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. లో బీమ్ వేసి, ముందు పోయే బండి వెనక లైటును దూరంగా పట్టుకోండి. కొండరాళ్లు పడే చోట ఫొటోలకు ఆగకండి.

కిందికొచ్చాక

అలిపిరి దాటి గరుడ సర్కిల్ వచ్చాక వెంటనే డిస్కు మీద నీళ్లు పోయకండి, ఒక్కసారిగా చల్లబడి వంకర పోవచ్చు. చేత్తో ముట్టుకోకండి కూడా. వెనక బ్రేకు వదులైనట్టు అనిపించినా అప్పుడే నట్టు బిగించకండి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి ఉంటుంది, చల్లబడ్డాక ఆ బిగింపు ఎక్కువై చక్రం రాసుకుంటుంది. మరుసటి ఉదయం చూసుకుని అప్పటికీ వదులుగా ఉంటే బిగించండి. బెంగళూరు వైపు మొగిలి ఘాట్, మదనపల్లె వైపు భాకరాపేట ఘాట్ పోవాలనుకునేవాళ్లు కూడా ఈ పద్ధతే పాటించవచ్చు. కాకపోతే భాకరాపేటలో ఎదురు లారీలుంటాయి, అక్కడ ఎడమ పక్కను మాత్రం వదలకండి.